కొరమీను కంటికి పెట్టిన తిండి

మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కినదాన్ని నేనొక్కతెనే. పందొమ్మిది వందల అరవైల్లో నెల్లూరులో బియస్సీ చదువుతూ, కంటి లోపల వెనకవైపు ఉండే రెటీనా పొర మీద ఒక ప్రయోగం చేస్తానని మా లెక్చరర్ గారి వెంటపడ్డాను. మాంసకృత్తులు అరిగితే వచ్చే అమినో ఆమ్లాలను ఆ పొర తనంతట తాను లోపలికి లాక్కుంటుందా, లేక అవే ఊరికే ఇంకిపోతాయా? అదీ నా గొడవ. ఆయన సరేనన్నారు. వారంలోగా బతికున్న చేపలు తేకపోతే మాత్రం ఆ అవకాశం ఇంకొకరికి ఇస్తానన్నారు.

చేపలకు నాకేం కొదవ? వాకాడు దగ్గర మాది చేపలు పట్టే ఇల్లు. లెక్చరర్ గారికి కొరమీన్లు కావాలని అమ్మకు కబురు పంపాను. రెండోనాడే బస్సులో గిన్నె వచ్చింది. మూత తీసి చూద్దును కదా, ఒక్కదానికీ తలకాయ లేదు. ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ పట్టించి ఉన్నాయి! మా వైపు పెద్దవాళ్లకు చేపలు పంపితే బాగుచేయకుండా పంపరు. నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. బతికున్నవే కావాలని, నా పని వాటి కళ్లతోనని ఆ కోపంలోనే మళ్లీ కబురు పెట్టాను.

గడువు ముగిసే రోజున అమ్మే దిగింది, చంకలో తడిగుడ్డ కట్టిన కుండతో.

“అయ్యోరికి తలకాయలతో పంపిస్తే మనల్ని ఏమనుకుంటారు? కళ్లు కావాలని ముందే చెప్పుంటే ఇవే తెచ్చుందును గదా! చూడు, ఎట్టా ఎగురుతా ఉండాయో.”

అమ్మను పక్కన కూర్చోబెట్టి పని మొదలుపెట్టాను. ఒక కంటి పొరను బతికినట్టే, ఇంకో కంటి పొరను వేడినీళ్లలో చంపి, రెంటినీ అమినో ఆమ్లం కలిపిన ఉప్పునీళ్లలో ఉంచాను. తర్వాత కడిగి, నూరి, ఆ రసం కాగితం మీద చుక్కలుగా వేసి, అమినో ఆమ్లం ఉన్నచోట వంకాయ రంగు తేల్చే మందు చల్లి వెచ్చబెట్టాను. చచ్చిన పొర చుక్క వెలవెలబోయింది. బతికిన పొరది ముదురు రంగుకు తిరిగింది. లెక్చరర్ గారు కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశారు.

“పని నీదేనమ్మా, కానివ్వు” అన్నారు.

“ఆ మచ్చకేనా ఇంత రభస?” అంది అమ్మ.

“బతికున్న కన్ను తిండి లాక్కుంటుందమ్మా. అది అందకపోతే చూపు నిలవదు” అన్నాను.

సాయంత్రం అమ్మను బస్సెక్కించి కిటికీ పక్కనే నిలబడ్డాను. లోపల పక్కసీటామెతో గట్టిగా చెబుతోంది.

“మా బిడ్డ చేప కంటికి అన్నం పెట్టింది. అది తినింది. నేను చూసినాను.”

బస్సు కదిలింది. ఆ పూట నెల్లూరు బస్టాండులో నాకంటే గొప్పది ఇంకొకతె లేదనుకున్నాను.