గీత దాకా రాకముందే

మా బస్సు నడిపేది ఆవిడ, టిక్కెట్లు కొట్టేది నేను. వయసులో పెద్దది కాబట్టి అక్కా అంటాను. డిపోలో మిగతావాళ్ళు మాత్రం బ్రేకమ్మ అంటారు, చాటుగా కాదు, ముఖం మీదే. ఆవిడ పట్టించుకోదు. పట్టించుకునే మనిషే అయితే నేనివాళ చెప్పడానికేమీ ఉండేది కాదు.

ఆవిడకు స్టీరింగు పట్టుకోవడం నేర్పింది సొంత అన్నయ్య. ఆయనదీ మా డిపోయే, మా రూటే. ఆయన్ని అందరూ గడియారం అంటారు. ఆయన బస్సు మలుపు తిరిగితే చూసి, స్టవ్వు మీద పాలు పెట్టుకునే ఇళ్ళున్నాయి. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క ట్రిప్పు కూడా రద్దు చేయలేదని ఆయనకు మహా గర్వం. పెళ్ళిరోజైనా మరిచిపోతాడు గానీ, ఆ ముక్క చెప్పడం మరిచిపోడు.

మా దారిలో రైలు వంతెన కింద రోడ్డు పల్లంలోకి దిగుతుంది. వానొస్తే చుట్టుపక్కల నీళ్ళన్నీ అక్కడికే చేరతాయి. ఆ వంతెన గోడ మీద గడియారం ఎప్పుడో మోకాలెత్తున తెల్ల రంగుతో ఒక గీత గీశాడు. నీళ్ళు గీతకు కింద ఉంటే ఫస్ట్ గేరులో, యాక్సిలరేటరు మీంచి కాలు తీయకుండా దాటేయాలి. గీత మునిగితే ఆగాలి. కొత్త డ్రైవరు ఎవరొచ్చినా ముందు ఆ గీతే చూపిస్తారు. మా డిపోకు అది వేదవాక్కు.

పోయిన వానాకాలం అక్క గీతను నమ్మే దిగింది. దిగేటప్పుడు నీళ్ళు చీలమండ దాకా ఉన్నాయి. నడిమధ్యకు చేరేసరికి ఫుట్‌బోర్డు మునిగింది, ఇంజను దగ్గింది. ఎలాగో అవతలి గట్టెక్కాం. ఆవిడకు గీత మీద నమ్మకం పోయింది ఆ రోజే.

ముందు సీట్లో రోజూ వాతావరణ కార్యాలయం మేడమ్ కూర్చుంటుంది. అక్క ఆవిడనే అడిగింది.

"ఏంటి మేడమ్, వాన ఇలా మీదపడిపోతోంది?"

"గాలి వేడెక్కుతోందమ్మా. ఒక్క డిగ్రీ పెరిగితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమ పట్టగలదు. అదంతా మోసుకొచ్చి ఒక్కచోట కుమ్మరిస్తే ఇలాగే ఉంటుంది."

"అయితే ఆ రోజు వాన ఈ వేడి వల్లేనా?"

"ఆ ఒక్క వానను పట్టుకుని అలా చెప్పలేను. వానలు ఎప్పుడూ ఉన్నవే. ఇంత జోరువి మాత్రం మునుపటికంటే ఎక్కువసార్లు వస్తాయి. అది చెప్పగలను."

అక్కకు ఆ మాట చాలు. వెళ్ళి అన్నయ్యకు చెప్పింది. "నువ్వు గీసిన రోజుల్లో నీళ్ళు నింపాదిగా ఎక్కేవి అన్నయ్యా. ఇప్పుడు గీత చూసి దిగేలోపే మునుగుతోంది. వాన జోరుగా ఉంటే గీత సంగతి వదిలేసి పైనే ఆగిపోవాలి."

ఆయన నవ్వాడు. "నాకే పాఠాలా? నీకు సైకిల్ తొక్కడం రాకముందు నుంచీ చూస్తున్నా ఈ వానల్ని. వెళ్ళు, వెళ్ళు."

అప్పట్నుంచీ ఆవిడకు ఒకటే బెంగ. గీత మునగనిదే ఆగే రకం కాదు అన్నయ్య. ఏదో ఒక రోజు బస్సు నిండా జనంతో దిగుతాడు, మళ్ళీ పైకి రాడు.

ఆ రోజు రానే వచ్చింది. మధ్యాహ్నమే లైట్లు వేసుకోవాల్సినంత మబ్బు. పల్లం ముందు అక్క బ్రేకు వేసింది. నీళ్ళింకా గీతకు జానెడు కిందే ఉన్నాయి. జనం ఊరుకుంటారా?

"నీళ్ళంటే భయమైతే డ్రైవరెందుకయ్యావమ్మా?" అన్నాడొకాయన.

"భయం కాబట్టే మీరింకా పొడిగా ఉన్నారు. కూర్చోండి," అంది.

వెనక హారన్ మోగింది. గడియారం! మమ్మల్ని దాటిపోవడానికి బస్సు పక్కకు తీస్తున్నాడు. అక్క స్టీరింగు తిప్పి మా బస్సును రోడ్డుకు అడ్డంగా పెట్టేసింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

ఆయన తడుస్తూ దిగొచ్చాడు. "తియ్యి బండి."

"తియ్యను."

"గీత కనిపించట్లేదా?"

"గీత నువ్వు గీశావు. వానకు చెప్పి గీశావా?"

"నా ట్రిప్పు పోతుందే!"

"పోనీ! ట్రిప్పు పోతే పోనీ. నువ్వు పోతే నేనెవర్ని అన్నయ్యా అని పిలవాలి?" ఆవిడ స్టీరింగు వదల్లేదు.

వాళ్ళ వాదన తెగకముందే గీత మునిగింది. ఆయన తిరిగెళ్ళి తన బస్సులో కూర్చున్నాడు. నీళ్ళు తీశాక, ఆలస్యంగానైనా ట్రిప్పు పూర్తిచేసి, డిపోలో అందరి ముందూ, "దాని లక్కు బాగుంది," అని తేల్చేశాడు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది.

తర్వాతి జోరువానకు అక్క మళ్ళీ ఆపింది. ఆ వాన కాస్తా నాలుగు చినుకులు విదిల్చి తెరిపిచ్చింది. పల్లంలో పాదం తడిసే నీళ్ళు కూడా లేవు. జనం తిట్లు, మేనేజర్ చీవాట్లు. బ్రేకమ్మ బిరుదు వచ్చింది అప్పుడే.

"మళ్ళీ ఇలాగే ఆపుతావా?" అన్నాడు మేనేజర్.

"ఆపుతాను సార్. ఎన్నిసార్లు ఊరికే ఆగినా ఫర్వాలేదు. ఆగాల్సిన రోజు ఆగకపోతే ఏం చేస్తాం?"

ఇక లాభం లేదని నేను అడ్డుపడి, ఆపమని విజిల్ వేసింది నేనే సార్ అని అబద్ధమాడాను. చీవాట్లు చెరిసగం పంచుకున్నాం.

మొన్న ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. ఈసారి గడియారం ముందు, మేము వెనక. వాన తెరలో ఆయన బస్సు కనబడటం లేదు. "దిగిపోయాడ్రా, దిగిపోయే ఉంటాడు," అంటూ అక్క పళ్ళు బిగబట్టి తోలుతోంది. పల్లం దగ్గరికి వచ్చేసరికి ఎర్ర లైట్లు కనిపించాయి. ఆయన బస్సు రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. లోపల జనం నానా మాటలూ అంటున్నారు. నీళ్ళు గీతకు చాలా కిందే ఉన్నాయి.

అక్క దిగి పరుగెత్తింది, వెనకే నేను. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి కసిరాడు.

"నా మొహం ఏం చూస్తున్నావే? ట్రిప్పు రద్దని డిపోకు ఫోన్ చేసేశా. ఇటువైపు నేను చూసుకుంటా. అటునుంచి వచ్చేవాళ్ళను ఎవరాపుతారు? చుట్టూ తిరిగి వెళ్ళి నీ బండి అడ్డం పెట్టు, ఫో!"

అక్క ఏడుస్తూనే సీటెక్కి రివర్స్ గేరు వేసింది. నేను వెనక మెట్టు మీద నిలబడి విజిల్ ఊదాను.