ఎడమ బొటనవేలు

దెయ్యాన్ని చూశామనేవాళ్ళ మొహం మీదే నవ్వే మనిషిని నేను. శ్మశానం పక్క చేలో ఒంటరిగా కలుపు తీశాను. ఏనాడూ ఏదీ నన్ను పలకరించలేదు. ఇప్పుడు కూడా దెయ్యం అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు అక్షరాలు అరవై రెండేళ్ళకి వచ్చాయి. అదీ అమెరికాలో. అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటూ, మనవరాలికి తోడుగా ఆదివారం తెలుగు క్లాసుకి వెళ్ళి, ఆరేళ్ళ పిల్లల వెనక కూర్చుని నేర్చుకున్నాను. నా పక్కన సుగుణ కూర్చునేది. మా వీధి చివర కొడుకు దగ్గర ఉండేది, నల్గొండ వైపు మనిషి. ఆమెకి ‘ఆ’ దాటి ఏ అక్షరమూ చేతికి రాలేదు. నెల తిరక్కుండా మానేసింది. నాకు సంతకం వచ్చాక ఆమెని నలుగురిలో ‘వేలిముద్ర’ అనే పిలిచేదాన్ని. ఆమె నవ్వేది.

పోయిన చలికాలం మా అమ్మాయి యూరప్ ట్రిప్ ప్లాన్ చేసింది. ప్రాగ్, వియన్నా, సాల్జ్‌బర్గ్, తర్వాత ఆల్ప్స్ కొండల్లో రెండు చిన్న ఊళ్ళు. నాకు గదిలో తోడుంటుందని సుగుణని కూడా రమ్మంది. మంచు కొండ చూడాలని సుగుణకి ప్రాణం.

ఊళ్ళ పేర్లు నేను నోటుబుక్కులో రాసుకున్నాను. సాల్జ్‌బర్గ్ రాయడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. సుగుణ రోజూ వచ్చి చదివించుకునేది. నాలుగు రోజుల్లో అన్నీ వరసగా అప్పజెప్పేసింది. అది నాకు నచ్చలేదు.

“అక్కా, కొండలున్న ఊరు ఏ పేజీల ఉంది? జర చూపియ్యి,” అనేది. చూపిస్తే ఆ అక్షరాల మీద వేలు పెట్టి తడిమేది.

ఒకరోజు వాకింగ్‌లో చెప్పాను. “నీకు వీసా రాదే సుగుణా. వేలిముద్రగాళ్ళకి ఇవ్వరంట. సంతకం ఉండాలంట.”

అబద్ధం. అప్పటికప్పుడు పుట్టింది. రైల్వే స్టేషన్లలో ఆమె చెయ్యి పట్టుకుని తిప్పడం నా వల్ల కాదనుకున్నాను, అంతే.

“గట్లనా అక్కా,” అంది. ఎడమ బొటనవేలు చూసుకుంది. దాని మీద అడ్డంగా లోతైన గాటు ఉండేది, వరి కోతల్లో కొడవలి దిగిన గుర్తు. సిరా అంటినట్టు ఆ వేలిని కొంగుకి తుడుచుకుంది. “మరి నువ్వు పోయిరా. ఫోటోలు తే.”

సిగ్గుపడి, మోకాళ్ళ నొప్పులు, రాలేనని కొడుకుతో చెప్పిందట. అందుకే నా అబద్ధం ఎవరూ పట్టుకోలేదు.

మూడు వారాలకి నిద్రలోనే గుండె ఆగి చనిపోయింది. పెట్టెలో పడుకోబెట్టి చేతులు పొట్ట మీద పెట్టారు, ఎడమది పైన. గాటు కనిపించింది. నేను ఏడవలేదు.

పదకొండో రోజు అట్లాంటాలో నా వీసా అపాయింట్‌మెంట్. ఉదయం పదిన్నర. ముందు రోజు ఇరవై సార్లు సంతకం రాసి చూసుకుని, మా అమ్మాయిని తోడు తీసుకుని వెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి దాన్ని సరిగ్గా చూడను కూడా లేదు. ఒక అద్దం పలక చూపించి పది వేళ్ళూ పెట్టమంది. ఎంత చదివినవాళ్ళైనా పెట్టాల్సిందేనట.

తొమ్మిది వేళ్ళు వెంటనే పడ్డాయి. ఎడమ బొటనవేలు పడలేదు. తుడిచి మళ్ళీ పెట్టాను. నాలుగోసారికి పడింది. ఆ అమ్మాయి తెర చూసి, నన్ను చూసి, ఇంగ్లీషులో ఏదో అడిగింది.

“అమ్మా, ఈ వేలికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అంటోంది. గాటుందంట,” అంది మా అమ్మాయి.

కౌంటర్లో అమ్మాయి తెర మా వైపు తిప్పింది. ముద్రని రెండుగా కోస్తూ అడ్డంగా తెల్లటి గీత. నా వేలు చూసుకున్నాను. నున్నగా ఉంది. మా అమ్మాయి కూడా పట్టుకుని చూసింది. అద్దం తుడిచి ఇంకోసారి పెట్టించారు. అదే గీత, అదే చోట. వెనక వరస పెరుగుతోందని ఆ అమ్మాయి విసుగ్గా ఓకే నొక్కేసింది.

మెషీన్ తప్పంటాడు మా అల్లుడు. మరి కుడి వేలికి ఎందుకు రాలేదంటాను నేను. డాక్టరు వేలిని వెనక్కీ ముందుకీ తిప్పి చూసి ఏమీ లేదన్నాడు. సుగుణ కొడుక్కి నేను ఏదీ చెప్పలేదు. చెప్పను కూడా. అది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

వీసా వచ్చింది. దాని మీద నా ఫోటో ఉంది, నా పేరు ఉంది. వచ్చే నెల ప్రయాణం. అక్కడ దిగాక మళ్ళీ వేలు పెట్టమంటారట, ఇక్కడ ఇచ్చిన ముద్రతో కలిస్తేనే లోపలికి వదులుతారట. నాకున్నది ఒక్కటే ఎడమ బొటనవేలు. అది ఎవరిదని అంటారో అక్కడే తెలియాలి.