ఆ గొంతు ఆవిడది కాదు

ఆర్విల్‌కి లోకంలో ఏ దురలవాటూ లేదు, ఒక్క అరుపు తప్ప. లాస్ ఏంజెలస్‌లో ప్రతి శనివారం పాత పాటల సినిమాలు వేసే ఆ చిన్న హాల్లో, తెర మీద హీరోయిన్ పాటకు నోరు తెరిచిందో లేదో, ఈ ముసలాయన మూడో వరుసలోంచి లేచేవాడు.

"ఆ గొంతు ఆవిడది కాదర్రా!"

"ష్ష్! కూర్చోవయ్యా!" అని హాలంతా విరుచుకుపడేది.

మేనేజరు నోరీన్‌కి ప్రాణం విసిగిపోయింది. "వారం వారం ఈ గోలేమిటండీ?"

"నిజం చెబితే గోలా అమ్మాయ్?"

"చెప్పారుగా! పోయిన వారమూ చెప్పారు, ఈస్టరుకీ చెప్పారు. స్టూడియోవాళ్లు ఒకరి మొహానికి ఇంకొకరి గొంతు అతికించేవారు, పాడినవాళ్ల పేరు కూడా వేసేవారు కాదు. తెలిసింది. ఇక వదిలెయ్యండి!"

వదిలితేగా! ఒకసారి నోరీన్ ఆయన నోటి నిండా పిప్పరమెంట్లు కుక్కి కూర్చోబెట్టింది. పాట రాగానే వాటిని ముందువరుస బట్టతల మీదికి ఊదేసి మరీ అరిచాడు. ఆ బట్టతలాయన మళ్లీ హాలు మొహం చూడలేదు.

చివరికి యజమాని తేల్చేశాడు. "ఈ శనివారం ఆ ముసలాడు అరిచాడంటే, వాడితోపాటు నువ్వూ బయటికే."

అరవనే అరిచాడు. నోరీన్ ఆయన్ని వరండాలోకి లాక్కొచ్చింది. "మీ పుణ్యమా అని నా ఉద్యోగం పోయింది. కడుపు చల్లబడిందా?" అంటుంటే ఏడుపొచ్చేసింది. వెనకాలే, ఎప్పుడూ ఆయన పక్కసీట్లో కూర్చునే అడెల్ కోటు వేసుకుంటూ వచ్చింది. ఎప్పుడూ నోరు విప్పి ఒక్క మాట మాట్లాడని పెద్దావిడ.

"మీరెందుకమ్మా లేచారు?"

ఆవిడ బదులు ఆర్విలే చెప్పాడు. "లోపల పాడుతున్నది ఈవిడే. ఎవరికీ చెప్పనని స్టూడియోకి మాటిచ్చి, ఆ మాట మీదే ముసలిదైపోయింది. మాటిచ్చింది ఆవిడ. నేనివ్వలేదు."

"మరి ఇన్నాళ్లూ పేరు చెప్పలేదేం?"

"చెప్పనిస్తేగా! మొదటి ముక్కకే అందరూ 'ష్ష్' అంటిరి!"

నోరీన్ నెత్తి కొట్టుకుంది. పోయిన ఉద్యోగం ఎలాగూ పోయింది. లోపలికెళ్లి బొమ్మ ఆపించి, లైట్లు వేయించి, అడెల్‌ని తెర ముందు నిలబెట్టింది. "ఇందాకటి పాట పాడింది ఈవిడేనండీ!"

హాలంతా లేచి నిలబడింది. తలుపు దగ్గర కోపంగా నిలుచున్న యజమాని కూడా చప్పట్లు కొట్టాడు. అడెల్ ఏడుస్తూనే నవ్వింది. బొమ్మ మళ్లీ మొదలై, రెండో పాట అందుకున్నా ఆ చప్పట్లు ఆగవే!

ఆర్విల్‌కి ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాడు.

"నోళ్లు మూసుకుని కూర్చోండర్రా! పాట మధ్యలో ఈ గోలేమిటి?"