పోంపియేల ఇంట్లో మా గృహప్రవేశం

మొన్న మా కొత్తింట్లో ముందు అడుగు పెట్టిందెవరో చెబితే నమ్మరు. నేను కాదు, మా అమ్మ కాదు, ఆవు అసలే కాదు.

పిటాన్‌లో పాత పోంపియేల ఇల్లు తెలుసుగా, మంటలార్పేవాళ్ళ గుర్రపు బండి ఉండేది? మోటారు పంపు వచ్చాక ఖాళీ పడితే మేం తీసుకున్నాం. బండి పెట్టే చోటు హాలయింది, గడ్డి వేసే చోటు వంటిల్లయింది. అమ్మది ఒకటే పట్టు. "ముందు ఆవు గడప దాటాలి. లేదంటే నేను పాతింట్లోనే ఉండిపోతా, నువ్వూ నీ పెళ్ళాం పోండి." అన్నదంటే అన్నంత పనీ చేస్తుంది. నాకు అదే భయం.

పొద్దున్నే మా ఆవిడ వాకిట్లో ఆవుకి పసుపు రాస్తోంది. పంతులుగారు ముహూర్తం దాటిపోతోందని సణుగుతున్నారు. నేను ఊరికే ఉండొచ్చుగా? తలుపు పక్కన ఒక తాడు కప్పు మీదికి పోయి ఉంది. సున్నం వేసిన రోజు నుంచీ దాని మీదే నా కన్ను. పైనున్న మంటల గంట తీసేశామన్నారు ఇల్లిచ్చినవాళ్ళు. మరి తాడెందుకు ఉంచినట్టు? మెల్లిగా లాగి చూశా.

గంట తీయలేదండీ.

ఊరు ఊరంతా బకెట్లతో పరుగు. వాళ్ళ వెనక రొట్టెలాయన గుర్రం, బండితో సహా, దారంతా రొట్టెలు జల్లుకుంటూ మా మీదికే వచ్చింది. ఆవు బెదిరి చెరకు తోటలో పడింది. గుర్రం మాత్రం తిన్నగా హాల్లోకి వెళ్ళి, నడిమధ్యన బుద్ధిగా నిలబడింది.

రొట్టెలాయన రొప్పుతూ వచ్చాడు. "మో బోన్‌జ్యే, దేవుడా! ఇది ముందు ఇక్కడి గుర్రమే. గంట మోగితే వచ్చి అక్కడే నిలబడేది."

 నేను అమ్మ మొహం చూడలేకపోయా. "పంతులుగారూ, గుర్రమైతే దోషమా?" అంది అమ్మ. ఆయన తల గోక్కుని, "దోషమని ఎక్కడా చదవలేదమ్మా" అన్నారు.

అమ్మ మిగిలిన పసుపు తీసుకుని, గుర్రం వెనకే గడప దాటి, దాని నుదుట పెట్టింది. నా ప్రాణం లేచొచ్చింది.

ఆ సాయంత్రమే తాడుని నాకందనంత ఎత్తున కట్టించింది. అంత ఎత్తెందుకమ్మా అంటే, "ఆ గంట దేనికో గుర్రానికి తెలుసురా, నీకే తెలీదు" అంది.