క్రాంజీ గడ్డిలో తొడపాశం

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే పకోడీల ప్లేటు తీసుకుని అవతలి గదిలోకి పోయే రకం నేను. మా పుంగ్గోల్ అపార్టుమెంటు బ్లాకు కింద, చైనా పంచాంగం ఏడో నెలలో చైనీయులు చనిపోయిన పెద్దల పేరున కాగితాలు కాలుస్తుంటే, ముగ్గు తొక్కకుండా నడిచినట్టు మర్యాదగా పక్కనుంచి వెళ్తాను. అంతకుమించి పట్టింపు లేదు. ఇప్పుడు చెప్పబోయేదాన్ని నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు పక్షుల ఫొటోల పిచ్చి. వారమంతా తంజోంగ్ పగార్ ఆఫీసులో కంప్యూటర్ ముందు, ఆదివారం పొద్దున ఊరి శివారు క్రాంజీలో. అక్కడ తెలిసినవాళ్ల కూరగాయల తోట ఉంది. దాని చివర గడ్డిబీడులో పూరేడు పిట్టలు తిరుగుతాయి. పిడికిలంత పిట్ట. అలికిడైతే చాలు, గడ్డిలో మాయం. ఈ జాతిలో పిల్లల్ని సాకేది తండ్రే. ఆ తండ్రీ పిల్లల్ని ఒక్క ఫొటోలో పట్టాలని రెండేళ్లు తిరిగాను, దొరకలేదు.

మా పై అంతస్తులో ఖాదర్ అంకుల్ ఉంటారు. హైదరాబాదు మనిషి, ఈ దేశానికి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. కుర్రతనంలో వాళ్ల నాన్నతో షికారుకు వెళ్లి ఈ పూరేళ్లనే కొట్టేవారట. ఇప్పుడు తుపాకీ మాటెత్తరు గానీ నా ఫొటోలు ఒక్కొక్కటీ పెద్దది చేసుకుని చూస్తారు. ఆయనే ఒకరోజు, "ఈ రంగురంగుల బట్టలేసుకొని పోతే ఏ పిట్టొస్తదమ్మా? వేటగాళ్ల సూటు కుట్టుకో" అన్నారు. గడ్డిలో గడ్డిలా కలిసిపోయే ఆ తొడుగును గిల్లీ సూటు అంటారని కూడా చెప్పారు.

దుకాణంలో కొనడం ఆయనకు నచ్చలేదు. ఎవరి సూటు వాళ్లే కట్టుకోవాలట. లిటిల్ ఇండియాలో అడిగి బాస్మతి బియ్యం గోనెసంచులు తెచ్చాను. వాటిని విప్పి, నార పోగులు పోగులుగా తీసి, కొన్నిటిని టీ డికాక్షన్‌లో, కొన్నిటిని గోరింటాకు నీళ్లలో నానబెట్టాను. చిరిగిన బ్యాడ్మింటన్ వలను మా ఆయన పాత చొక్కాకి మోకాళ్ల దాకా వేలాడేలా కుట్టి, వల కన్ను కన్నుకీ నార ముడి వేశాను. ఐదు వారాలు పట్టింది. హాలంతా పీచు. మా ఆయన తుమ్మి తుమ్మి, "ఇది గిల్లీ సూటు కాదు, గిల్లే సూటు" అని పేరు పెట్టారు. తొడుక్కుంటే నిజంగానే ఒళ్లంతా దురద. మా అమ్మాయి తలెత్తి చూసి, "అమ్మా, యూ లుక్ లైక్ కంపోస్ట్ లా" అని ఇక్కడి ఇంగ్లీషు యాసలో అనేసి మళ్లీ ఫోన్లోకి వెళ్లిపోయింది.

మొదటిసారి తీసుకెళ్తే ఒక్క పిట్టా రాలేదు. అంకుల్ సూటు వాసన చూసి నవ్వారు. దాన్ని నేను స్టోర్‌రూములో దేవుడి అర పక్కనే వేలాడదీశాను. గోనె నిండా అగరుబత్తి వాసన, నా తలకేమో కొబ్బరినూనె. గడ్డిలో గుడి నడిచొచ్చినట్టుంటే పిట్టలు ఉంటాయా? వారం పాటు కిటికీ బయట బట్టల కర్రకు ఆరేసి, తలకు నూనె మానేశాను.

మా ఆయనకు ఒక్కటే బెంగ. బయల్దేరే ముందు ప్రతిసారీ అదే మాట. "నువ్వు ఎవరికీ కనపడకుండా పడుకుంటావు సరే. పాము కరిచినా, కళ్లు తిరిగి పడిపోయినా నిన్ను ఎవరు చూస్తారు? పక్కనే నడిచిపోయినా తెలీదు కదా." పదకొండింటికల్లా ఫోన్ చేస్తానని మాత్రం చెప్పేదాన్ని.

ఆ ఆదివారం ముందురోజంతా వాన. ఎనిమిదింటికి ఎండ కాసింది. గడ్డి అంచున పెద్ద చెట్టు కింద బోర్లా పడుకున్నాను. కెమెరా ముందు చిన్న స్టాండు మీద ఉంది. క్రాంజీ అనగానే చాలామంది రెండో ప్రపంచయుద్ధ సైనికుల సమాధుల గురించి అడుగుతారు. అవి అక్కడికి చాలా దూరం. చుట్టూ ఎవరూ లేరు. తోటవాళ్లు అవతలి వైపు నీళ్లు పెడుతున్నారు, పంపు చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ముప్పావుగంటకు పూరేడు వచ్చింది. వెనక మూడు పిల్లలు. నాకు రెండు బారల దూరంలో నిలబడి మట్టి గీరుతోంది. వరసగా ఫొటోలు తీశాను. ఆనందంతో కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గులేకుండా చెబుతున్నాను.

అప్పుడు నా కుడి తొడ మీద ఎవరో తొడపాశం పెట్టారు.

ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు. తొడ కండను రెండు వేళ్ల మధ్య పట్టి మెలితిప్పడం. ఎక్కాలు తప్పు చెబితే మా చిన్నప్పటి టీచరు ఇచ్చే శిక్ష. చీమ కాటుకీ ముల్లుకీ దానికీ తేడా తెలియని తెలుగు పిల్ల మా తరంలో లేదు. పట్టి, తిప్పి, ఒక్క క్షణం ఆగి, ఇంకొంచెం తిప్పారు. "అమ్మో" అని లేచి నాలుగడుగులు గెంతాను. పిట్టలు మాయమయ్యాయి. ఎవరా అని మండిపడుతూ వెనక్కి తిరిగాను.

పైన ఫెళ్లుమంది. నేను పడుకున్న చోట నా నడుమంత లావు కొమ్మ విరిగి పడింది. కెమెరా పచ్చడైపోయింది.

చుట్టూ చూశాను, ఎవరూ లేరు. మా ఆయన మాటే చెవిలో తిరిగింది. ఆ కొమ్మ కింద గోనె పీచు కుప్పలా ఉండేదాన్ని. వెతకడానికి వచ్చినవాళ్లు నన్ను దాటుకుని పోయేవాళ్లు.

ఇంటికొచ్చి చూసుకుంటే కుడి తొడ పక్కభాగంలో నల్లగా కమిలి, ఎదురెదురుగా రెండు గోళ్ల గుర్తులు. పైన గోనె సూటు, దాని కింద మందపాటి ప్యాంటు. రెంటికీ చిన్న చిరుగైనా లేదు. మా ఆయన చూడగానే అడిగింది, "ఏం కుట్టింది" అని కాదు, "ఎవరు గిల్లారు" అని.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాం. ఆవిడ గుర్తులు చూసి, మా ఆయన్ని బయట కూర్చోమంది. తలుపు వేసి, గొంతు తగ్గించి, ఇంట్లో అంతా బాగానే ఉందా అని నన్ను అడిగింది. తొడపాశాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక, మా ఆయన మంచివారని మాత్రం నాలుగుసార్లు చెప్పి బయటపడ్డాను. తనను ఎందుకు బయట కూర్చోమన్నారో తెలిశాక ఆయన వారం రోజులు మొహం మాడ్చుకుని తిరిగారు.

మెమరీ కార్డు మాత్రం దక్కింది. తండ్రీ పిల్లల ఫొటో ఇప్పుడు మా హాల్లో ఉంది. దాన్ని చూడ్డానికి వచ్చిన ఖాదర్ అంకుల్‌కి జరిగింది చెప్పాను. ఆయన టీ కప్పు కింద పెట్టి, ఏ తొడ అని అడిగారు. కుడి అన్నాను.

"షికార్ల పక్కపక్కన పండుకుంటం గదమ్మా. మాట్లాడితె పిట్ట పోతది. ఏదన్న ఆపతొస్తె పక్కోన్ని తొడమీద గిల్లుడే. లెవ్వు అని."

నా పక్కన ఎవరూ లేరంకుల్ అన్నాను.

"సూటు మంచిగ కట్టుకున్నోడైతె, ఉన్నా నీకెట్ల కనపడతడమ్మా?" అన్నారు. నవ్వుతున్నారేమోనని మొహం చూశాను. నవ్వడం లేదు.

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యమని ఒప్పుకోను, వేరే పేరూ పెట్టలేను. భయం మాత్రం లేదు. కొత్త కెమెరాతో క్రాంజీ వెళ్తూనే ఉన్నాను. పడుకునేటప్పుడు కుడి పక్కన ఇంకో మనిషి పట్టేంత చోటు వదులుతాను.