ఎజ్రా మాస్టారి పై సగం, కింది సగం

మా తాత ఎజ్రా అన్నం ముందు చేసే ప్రార్థన ఒక్కసారి వింటే చాలు, మనిషి సంగతంతా తెలిసిపోతుంది. రైతులు వాన అడుగుతున్నారు ప్రభువా, వాళ్ళ మాటలో న్యాయముంది అని మొదలుపెట్టి, కోటబొమ్మాళి దాకా ఎండిపోతున్న నారుమళ్ళ గురించి దేవుడికి వివరిస్తాడు. అయితే కళింగపట్నంలో చేపలు ఎండబెట్టుకునేవాళ్ళు వాన వద్దంటున్నారు, అదీ ఆలోచించదగ్గదే అని రెండో వైపుకి తిరుగుతాడు. ఆయన ఒక నిర్ణయానికొచ్చి ఆమెన్ అనేసరికి కూర చల్లారిపోతుంది. మా అమ్మమ్మ జ్ఞానసుందరి మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. తాను కూడా ఇలాగే రెండు వైపులా ఆలోచిస్తూ కూర్చునుంటే వార్డులో ఒక్కడూ బతికేవాడు కాదని ఇప్పటికీ దెప్పుతుంది.

ఈ అలవాటు కాలేజీలో పట్టుకుంది. తాత ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పాడు. ఏ విషయమైనా సగం పీరియడ్ అటు, సగం పీరియడ్ ఇటు. తన అభిప్రాయం చెప్పబోయేసరికి గంట కొట్టేసేవారు. అందుకే ఆయన శిష్యులు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు, అందరూ మా ప్రొఫెసర్‌గారు చెప్పిందే చేస్తున్నామంటారు. నేను ఇంటర్‌లో సివిక్స్ తప్పడానికీ కారణం ఇదే. ఇంట్లో విన్నట్టే రాశాను, ముగింపు రాయబోతుంటే పేపరు లాక్కున్నారు. ఆ తరవాత చదువు జోలికి పోలేదు.

మా ఊరి పేరు రాయొద్దని అమ్మమ్మ మాట తీసుకుంది. వంశధారకి ఇవతల ఒక చిన్న మున్సిపాలిటీ అనుకోండి. తాత అక్కణ్నుంచే 'దీపస్తంభం' అని ఒక వారపత్రిక నడుపుతున్నాడు. నాలుగు పేజీలు. మొదటి పేజీలో ఎడమ పక్క, పైనుంచి కింది దాకా ఆయన సంపాదకీయం. పై సగంలో ఒక పక్షం వాదన, కింది సగంలో రెండో పక్షం వాదన, అట్టడుగున తాత తీర్పు. ఊళ్ళో జనం టీ కొట్ల దగ్గర ఆ సంపాదకీయాల మీద వాదులాడుకునేవారు. తాత చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు నిలబడి అంతా వినేవాడు. ఇంటికొచ్చి, ఊరంతా చదువుతోంది సుందరీ అని అమ్మమ్మకి ఒకటికి రెండుసార్లు చెప్పేవాడు. ఉద్యోగం అయిపోయినప్పుడు కూడా ఆయన బెంగపడలేదు. తన పత్రికను ఊరు చదువుతోందన్న నమ్మకం ఒక్కటి చాలు. ఆ నమ్మకం పోతే మనిషి ఏమైపోతాడోనని మా ఇంట్లో అందరికీ భయం.

భయపడడానికి కారణముంది. ఆ పత్రికను డబ్బిచ్చి కొనేది మా బాప్టిస్టు సంఘంవాళ్ళు, కొందరు పాత శిష్యులు, అంతే. మిగిలిన కట్టలు వారం తిరిగేసరికి కొట్ల నుంచి వెనక్కి వచ్చేసేవి. తాత కంట పడకుండా అమ్మమ్మ వాటిని కూర్మమ్మకి ఇచ్చేసేది. కూర్మమ్మ బస్సుల కాంప్లెక్సు ముందు ఎండుచేపలు అమ్ముతుంది. ఆమె కొడుకు పుట్టినప్పుడు చేతుల్లోకి తీసుకున్నది అమ్మమ్మే, ఆ చనువు. కూర్మమ్మ ఒక్కో పత్రికను మడత దగ్గర అడ్డంగా చింపి, ఒక్కో ముక్కలో నెత్తళ్ళో రొయ్యపప్పో పొట్లం కట్టేది. జనం ఇంటికెళ్ళి, చేపలు మూకుట్లో పోసి, కాగితం చదివేవారు. పై సగం దొరికినవాడు ఎజ్రా మాస్టారు బ్రాందీ షాపు ఉండాలన్నారనేవాడు. కింది సగం దొరికినవాడు తీసెయ్యాలన్నారనేవాడు. టీ కొట్టు దగ్గర గొడవలన్నీ ఇవే.

2021లో మున్సిపల్ ఎన్నికలొచ్చాయి. తాత శిష్యుల బలవంతం మీద ఇండిపెండెంటుగా నిలబడి మా వార్డులో గెలిచాడు. రెండు పార్టీలకీ సరిసమానంగా సీట్లొచ్చాయి. చైర్మన్ ఎవరన్న దగ్గర చిక్కొచ్చి పడితే, ఎజ్రా మాస్టారు మనవాడేనని ఒక పార్టీ, కాదు మనవాడేనని ఇంకో పార్టీ లోలోపల సంతోషించాయి. రుజువుగా ఇద్దరి దగ్గరా చేప వాసనేసే కాగితం ముక్కలున్నాయి. అలా తాత చైర్మనయ్యాడు. మేయర్‌గారూ అని పిలిపించుకోవాలని ఆయనకి ఉండేదిగాని, మా ఊరు అంత పెద్దది కాదు.

మంచి పనులూ చేశాడు. కాలవ వీధికి కుడి పక్క తవ్వాలా ఎడమ పక్క తవ్వాలా అన్న తగువులో ఇద్దరి మాటా విని, చివరికి రెండు పక్కలా తవ్వించాడు. మా వీధిలో వాననీళ్ళు నిలవకపోవడం ఆ ఏడే మొదలు.

మరుసటి ఏడు ఎండుచేపల గొడవ వచ్చింది. కాంప్లెక్సు దగ్గర వాసన భరించలేకపోతున్నామని ప్రయాణికులు అర్జీ పెట్టారు. చేపలవాళ్ళను రైల్వే గేటు అవతలకి పంపించెయ్యాలని కౌన్సిలర్లు పట్టుబట్టారు. తాత బాగా ఆలోచించి సంపాదకీయం రాశాడు. తీర్మానం వచ్చే నెల సమావేశానికి పెట్టారు.

ఆ పత్రికల కట్ట మామూలుగానే కూర్మమ్మ దగ్గరికి చేరింది. నేను నెత్తళ్ళు కొనడానికి వెళ్ళేసరికి ఆటో తోలే గంగరాజు తన పొట్లం మీదున్నది ఆమెకి చదివి వినిపిస్తున్నాడు. తాతముత్తాతల నుంచీ అక్కడే కూర్చుని బతుకుతున్నవాళ్ళను లేపడమంటే పొట్ట మీద కొట్టడమేనని ఉంది. కూర్మమ్మ సంబరపడిపోయి అతని సంచిలో ఇంకో గుప్పెడు నెత్తళ్ళు వేసింది. నాకు కింది సగం వచ్చింది. మీ తాత ఇంకేటి మంచి రాసినాడో సదువు అంది. చదివాను. అయినప్పటికీ వారిని గేటు అవతలకి తరలించడమే పట్టణానికి శ్రేయస్కరం అని ఉంది. కూర్మమ్మ గంగరాజు సంచిలో చెయ్యి పెట్టి ఆ గుప్పెడూ వెనక్కి తీసుకుంది. తరవాత మిగిలిన కట్ట నెత్తికెత్తుకుని తిన్నగా మా ఇంటికి నడిచింది.

తాత వరండాలో కూర్చుని ఉన్నాడు.

"ఏటి మాస్టారూ, పైన ఉండమన్నారు, కింద పొమ్మన్నారు. నాను పై కాయితాన్ని నమ్మాలా, కింద కాయితాన్నా?"

రెండూ ఒకటేనని, మొత్తం కలిపి చదవాలని తాత ఓపిగ్గా చెప్పబోయాడు.

"మొత్తం ఎవులు సదూతారు బాబూ? నాను సింపేసే కదా పొట్లం కడతన్నాను. సిస్టరమ్మ ఇన్నేళ్ళూ ఇస్తన్నాది, మీకు తెల్దా?" అని కట్ట ఆయన కాళ్ళ దగ్గర దింపింది. "నన్ను లేపేసే కాయితంలో నా సేపలు కట్టను."

ఆమె వెళ్ళిపోయింది. తాత కట్టకేసి చూశాడు, అమ్మమ్మకేసి చూశాడు. అమ్మమ్మ ఉన్నదంతా చెప్పేసింది, రెండో పక్షం ఏమీ లేకుండా. ఆ పూట తాత ప్రార్థన ఒక్క వాక్యంలో ముగిసింది. మా ఇంట్లో వేడి వేడి అన్నం తిన్నది ఆ రోజే, కానీ ఎవరికీ సయించలేదు. ఈ వారం నుంచే పత్రిక ఆపేస్తున్నానని ప్రెస్సుకి ఫోన్ చేసి చెప్పాడు. చదివేవాళ్ళు లేనప్పుడు ఎవరికోసమని అమ్మమ్మనే అడిగాడు.

మర్నాడు పొద్దున్నే తాత కాంప్లెక్సుకి బయలుదేరితే నేనూ వెంట వెళ్ళాను. తాత వెళ్ళి కూర్మమ్మ పక్కన బోర్లించిన తట్ట మీద కూర్చున్నాడు. వాసనేస్తాది మరి, మీ ఇష్టం అంది ఆవిడ. నిన్న చింపేసిన ముక్కలు పక్కకి తోసేసి, ఆకుల్లో పొట్లాలు కడుతోంది. అంతలో గంగరాజు ఆటో ఆపి వచ్చాడు. తాతని చూసుకోలేదు.

"నిన్న పై సగమే ఇచ్చినావు. కింద సగంలో ఒక్క మాటే ఇన్నాను. ఉంటే ఎతికియ్యే, మొత్తం సదూతాను."

"సేపలేటి కావాల?"

"సేపలొద్దు. కాయితం సాలు."

తాత తల ఎత్తాడు. ఎందుకురా కాగితం అని అడిగాడు. గంగరాజు ఉలిక్కిపడి నమస్కారం పెట్టాడు గాని, మాట దాచుకోలేదు.

"పదేళ్ళ నుంచి సదూతన్నాను మాస్టారూ. అందరేటంటన్నారో బాగా రాస్తారు. ఎప్పుడూ ఒక ముక్కే దొరుకుతాది, మీరేటంటన్నారో మటుకు ఒక్కసారీ తేలలేదు."

తాత కళ్ళద్దాలు తీసి పంచెతో చాలాసేపు తుడుచుకున్నాడు. తరవాత కూర్మమ్మకేసి తిరిగి, గేటు అవతల కూర్చుంటే ఏమవుతుందని అడిగాడు. కాలేజీలో స్థానిక స్వపరిపాలన అన్నేళ్ళు చెప్పినవాడు ఆ ప్రశ్న ఆమెని అడగడం అదే మొదలు.

"గేటు కాడికి మనుసులొస్తారేటి బాబూ? రైలొస్తాది. అదాగదు."

తాత నవ్వాడు. ఆమె చింపిన ముక్క ఒకటి తీసుకుని జానతో కొలుచుకుని ఇంటికొచ్చాడు.

ఆ వారం దీపస్తంభం ఆగలేదు. తాను పొరబడ్డానని, చేపలవాళ్ళు ఉన్నచోటే ఉండాలని, వాళ్ళకి రేకుల షెడ్డూ కుళాయీ వేయించాలని పైనే రాసేశాడు. కారణాలు నాలుగంటే నాలుగు వాక్యాలు. కింది సగంలోనూ మళ్ళీ అదే అచ్చువేయించాడు, ఏ ముక్క ఎవరికి దొరికినా ఒకటే మాట ఉండేలా. కట్ట తనే మోసుకెళ్ళాడు. కూర్మమ్మ గంగరాజుని పిలిచి రెండు సగాలూ చదివించుకుని గాని పుచ్చుకోలేదు.

షెడ్డు తీర్మానం ఎలాగో నెగ్గించాడు. కానీ అక్కణ్నుంచి తాత మనసులో మాట వారం వారం ఊరందరికీ తెలిసిపోవడం మొదలైంది. బ్రాందీ షాపు గురించి, చెరువు గట్టు ఆక్రమణ గురించి, అన్నిటి గురించీ. ఈయన మనవాడు కాదని రెండు పార్టీలకీ ఒకేసారి తెలిసింది. ఎన్నడూ కలవనివాళ్ళు కలిసి అవిశ్వాసం పెట్టారు. తాత కుర్చీ దిగిపోయాడు.

ఆ సాయంత్రం ఆయన నడిచి ఇంటికొచ్చాడు. వెనకాలే గంగరాజు ఆటోలో కూర్మమ్మ పంపిన పొట్లం వచ్చింది. నెత్తళ్ళు. తాత దారం విప్పి, కాగితం పూర్తిగా పరిచి చూశాడు. మడత దగ్గర చెయ్యి ఆపాడు.

"చింపలేదు సుందరీ" అన్నాడు.

అమ్మమ్మ నెత్తళ్ళు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కాగితం మాత్రం ఆయన ఇవ్వలేదు. మరకలు చేత్తో నిమురుతూ, తన సంపాదకీయం తనే పైనుంచి కింది దాకా చదువుకుంటూ కూర్చున్నాడు.