పెద్దమ్మ ఎక్కాలనుకున్న గుట్ట

గత వారం పుంగనూరులో మా పెద్దమ్మ కన్నుమూసింది. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదు. కబురు అందేసరికి నేను నా సైకిల్ షాపులో, ఆమె కోసమే తెప్పించిన కొత్త మోటారు పెట్టె విప్పుతున్నాను.

మదనపల్లెలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాక కూడా ఆమె చేతులు ఊరుకోలేదు. పల్లెల్లో మంచం పట్టినవాళ్ల ఇళ్లకు సైకిల్ మీద వెళ్లి పుండ్లకు కట్లు కట్టేది. మోకాళ్లు మొరాయించాక సైకిల్‌కు మోటారు పెట్టమని నా ప్రాణం తీసింది. "పుండు ఆదివారమని ఆగుతాదా అప్పా?" అనేది.

ఏ మోటారు పెట్టాలన్న దానిమీద మా ఇద్దరికీ పెద్ద పోట్లాట. గేర్లు లేనిది చక్రాన్ని నేరుగా తిప్పుతుంది, చప్పుడుండదు. గేర్లున్నదాంట్లో చిన్న మోటారు జోరుగా తిరుగుతుంటే, లోపలి పళ్లచక్రాలు ఆ వేగాన్ని తగ్గించి లాగే బలాన్ని పెంచుతాయి. కాకపోతే కాస్త గుర్రుమంటుంది. గేర్లదే మేలని నేనన్నాను.

"రోగముండే ఇంటికి గుర్రుమంటా పోయేదా? సద్దు లేనిదే పెట్టప్పా" అంది. ఆమె బక్కమనిషి, అదే చాలుననిపించింది. పెట్టేశాను.

మా వైపు ఆచారం ఇద్దరమూ మరిచాం. వైద్యం చేసిన చేతిని ఇక్కడెవరూ ఖాళీగా పంపరు. ఒకరు గుమ్మడికాయ, ఒకరు టమోటాల బుట్ట, ఒకరు శనక్కాయల మూట తెచ్చి క్యారియర్‌కు కట్టేవాళ్లు. వద్దంటే అలిగేవాళ్లు. ఆమె చివరగా వెళ్లేది గుట్ట మీద ఒంటరిగా ఉండే ఓ తాత ఇంటికి. ఆయన కాలి పుండు ఎన్నాళ్లకూ మానలేదు. ఆ ఎత్తులో మోటారు నెమ్మదించి, వేడెక్కి నిలిచిపోయేది. ఆమె సైకిల్‌ను తోసుకుంటూ ఎక్కేది.

"ఆ బరువంతా కిందే పెట్టి పోరాదా?" అని కసిరాను.

"తాతకిచ్చేదానికే గదప్పా మోస్తాండేది" అంది.

ఒకరోజు షాపుకొచ్చి స్టూలు మీద కూలబడింది. "గేర్లదే తెప్పీ. ఈసారి ఎక్కి సూపిస్తా." కుప్పంలో చెప్పి తెప్పించాను. అది వచ్చింది, ఆమె లేదు. ముందే అది పెట్టి ఉంటే ఆ మోకాళ్లకు కొన్నాళ్లైనా సుఖముండేది.

అంత్యక్రియలు అయ్యాక కొత్త మోటారు బిగించి, తాతకు కబురు చెబుదామని ఆమె సైకిల్ మీదే బయలుదేరాను. బండి ఎక్కడా ఆగకుండా గుట్టెక్కింది. ఆ సైకిల్‌ను చూసి తాత మంచం మీద లేచి కూర్చున్నాడు.

"మీ పెద్దమ్మ పంపిందాప్పా?" అంటూ కాలు నా వైపు చాపి, మాసిన కట్టు తనే విప్పడం మొదలుపెట్టాడు.